విశ్వాసంలో ఉండి తప్పిపోయినవారు చనిపోతే వారి గతి ఏమిటి?

కృష్ణాతీరం
మా మేనమామ పోయిన నెల చనిపోయారు. యువకుడిగా ఉన్నప్పుడు కృష్ణలో బాప్తిస్మం తీసుకున్నారు. మా సంఘంలో సండే స్కూలు నడిపింది ఆయనే. 23వ కీర్తన నాకు కంఠతా పట్టించింది కూడా ఆయనే. అత్తయ్య పోయాక మందిరానికి రావడం మానేశారు. తరువాత తాగుడు మొదలైంది. ఎవరైనా ఇంటికి ప్రార్థనకు వస్తే లేచి పొలం వైపు వెళ్లిపోయేవారు. ఏళ్ల తరబడి అలాగే గడిచింది, చివరికి ఒక రాత్రి నిద్రలోనే పోయారు.

భూస్థాపన దగ్గర వాక్యం చెప్పినాయన పేరు ఎత్తలేదు గానీ, "సంఘం రిజిస్టరులో పేరు ఉన్నంత మాత్రాన జీవగ్రంథంలో ఉన్నట్టు కాదు. నాగటి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూసినవాడి గతి ఏమిటో ఈ పెట్టెను చూసి నేర్చుకోండి" అన్నారు. మా అమ్మమ్మ ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. అప్పటి నుంచి ఇంటికి ఎవరు వచ్చినా ఒకటే అడుగుతోంది, "నా కొడుకు ఎక్కడ ఉన్నాడు?" అని.

నాకు ఓదార్పు మాటలు వద్దు. నమ్మి, తరువాత నమ్మకంగా ఉండనివాడికి చనిపోయాక ఏమవుతుందని సంఘాలు నిజంగా నమ్ముతున్నాయి? ఆదరణ కూడిక ఇంకా పెట్టలేదు. ఆలోపు నాకు తెలియాలి.

బాపట్ల_బాప్టిస్టు
యోహాను 10:28, 29 చదవండి బ్రదర్. నా గొర్రెలు ఎన్నటికీ నశించవు, నా చేతిలో నుంచి ఎవడూ లాక్కోలేడు అన్నది యేసు ప్రభువు మాట. ఎన్నటికీ అంటే ఎన్నటికీ. మీ మామయ్య నిజంగా రక్షించబడి ఉంటే ఆ రక్షణ పోదు. అమ్మమ్మగారికి ఈ వచనం చదివి వినిపించండి.

అగ్నిస్తంభం
బాధ పెట్టాలని కాదు. కానీ మీరు ఓదార్పు వద్దన్నారు కాబట్టి ఉన్నది చెబుతున్నాను. హెబ్రీ 6:4-6, హెబ్రీ 10:26-29, లూకా 12:46, యెహెజ్కేలు 18:24 ఒకసారి వరుసగా చదవండి. వెలిగించబడినవారు, పరలోక వరాన్ని రుచి చూసినవారు, పరిశుద్ధాత్మలో పాలు పొందినవారు తప్పిపోతే ఏమవుతుందో అక్కడ ఉంది. ఇవి అన్యుల కోసం రాసినవి కావు. యజమాని ఆలస్యం చేస్తున్నాడనుకుని తాగి మత్తెక్కిన గృహనిర్వాహకుడికి ప్రభువు ఏ స్థలం నియమించాడు? అవిశ్వాసులతో పాటు. సార్దీస్ సంఘానికి, జయించినవాడి పేరు జీవగ్రంథంలో నుంచి తుడిచివేయను అని మాట ఇచ్చాడంటే, తుడిచివేయబడే పేర్లు కూడా ఉన్నాయనే కదా. ఒక్కసారి రక్షించబడితే చాలు అనే బోధ వల్ల మన ఊళ్లలో ఎంత మంది ఎలాగైనా బ్రతకవచ్చు అనుకుంటున్నారో నేను కళ్లారా చూస్తున్నాను.

పెనమలూరు_పద్మ
ఆ తల్లి ముందు అలా మాట్లాడినాయనకు నోరు ఎలా వచ్చిందో!

బాపట్ల_బాప్టిస్టు
అగ్నిస్తంభం బ్రదర్, హెబ్రీ 6లో 6వ వచనం దగ్గర ఆపేశారు. 9వ వచనంలో అదే రచయిత "ప్రియులారా" అని పిలిచి, మీ విషయంలో ఇంతకంటే మంచిదే నమ్ముతున్నాం అంటున్నాడు.

అగ్నిస్తంభం
మీరు యోహాను 10లో 28 చదివి 27 వదిలేశారు. "నా గొర్రెలు నా స్వరం వింటాయి, నన్ను వెంబడిస్తాయి" అని ఉంది. వెంబడించడం మానేసిన గొర్రె సంగతి?

సంస్కరణ_బాట
ఈ గొడవ కొత్తది కాదు. 1610లో డచ్చి వేదాంతి ఆర్మీనియస్ శిష్యులు హాలండులో ఐదు అంశాల విన్నపం పెట్టారు. అందులో ఐదవది సరిగ్గా ఇదే: నిజ విశ్వాసి కృపను కోల్పోగలడా? ఇది లేఖనాల్లో ఇంకా పరిశీలించాల్సిన విషయం అని అక్కడ జాగ్రత్తగా రాశారు. దానికి జవాబుగా 1618, 1619లో డార్ట్ పట్టణంలో పెద్ద సభ జరిగింది. ఆ సభ తీర్మానం ఏమిటంటే, దావీదులా, పేతురులా విశ్వాసి ఘోరంగా పడిపోవచ్చు, కొంతకాలం దేవుని దయను అనుభవించకుండా చీకట్లో ఉండవచ్చు. కానీ దేవుడు అతణ్ణి పూర్తిగా విడిచిపెట్టడు, మళ్లీ మారుమనస్సుకు తెస్తాడు. 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 17వ అధ్యాయంలో కూడా ఇదే ఉంది.

మరి చివరి వరకు తిరిగి రానివాడి సంగతి? 1 యోహాను 2:19 జవాబు: వాళ్లు మనలో నుంచి వెళ్లిపోయారు గానీ మనవాళ్లు కారు.

కృష్ణాతీరం
అంటే మా మామయ్య మొదటి నుంచీ విశ్వాసి కాదనా? ఆయన పిల్లలకు పాఠం చెప్పే ముందు రోజు రాత్రి లాంతరు పెట్టుకుని చదువుకోవడం నేను చూశాను. వానాకాలంలో మందిరం పాక కురిస్తే, పిల్లలు కూర్చునే మూల తడవకుండా తన దుప్పటి తెచ్చి కట్టారు. అదంతా నటన అని అమ్మమ్మకు నేను చెప్పలేను.

సంస్కరణ_బాట
నటన అనలేదండీ. డార్ట్ తీర్మానాల ప్రకారమే మనిషి హృదయంలోని రహస్యాలు మనకు తెలియవు. "కొంతకాలం" అన్న మాటకు కూడా అందులో గడువు పెట్టలేదు.

గుంటూరు_మిషన్_కాంపౌండు
ఇక్కడ ఒక్క విషయం గమనించారా? డార్ట్ వారూ, అగ్నిస్తంభం గారి సంఘం వారూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు గానీ, తిరిగి రాకుండా చనిపోయినవాడి విషయంలో ఇద్దరూ తేల్చేది ఒకటే. "అతను నిజ విశ్వాసి కాదు" అని వీరు, "విశ్వాసి అయ్యుండి పోగొట్టుకున్నాడు" అని వారు. తల్లికి రెండూ ఒకటే దెబ్బ. నిజంగా వేరే మాట చెబుతున్నది బాపట్ల బ్రదర్ ఒక్కరే.

మా లూథరన్ బోధ చెబుతాను. 1842లో మిషనరీ హేయర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి మా తాతలు నేర్చుకున్నది ఇది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 12వ అంశంలో రెండు వైపులా గిరి గీశారు. ఒకసారి నీతిమంతుడైనవాడు పరిశుద్ధాత్మను ఇక పోగొట్టుకోలేడు అనేవారిని తప్పు పట్టారు. బాప్తిస్మం తరువాత పడిపోయి తిరిగి వచ్చినవారికి క్షమాపణ ఇవ్వనివారినీ అంతే గట్టిగా తప్పు పట్టారు. దావీదు వ్యభిచారంలో పడినప్పుడు విశ్వాసమూ ఆత్మా అతణ్ణి విడిచిపోయాయని 1537లో లూథరే రాశారు. కాబట్టి మా దగ్గర "పోదు" అనే ధీమా లేదు, "పోయింది" అని ఎవరి శవపేటిక మీదా రాసే అధికారం కూడా లేదు. బ్రతికి ఉన్నవాడు ధీమాగా ఉంటే ధర్మశాస్త్రపు హెచ్చరిక చెబుతాం, భయపడుతుంటే సువార్త ఆదరణ చెబుతాం. మా ఇంట్లో మా నాయనమ్మ ఈ రెండింటినీ ఎప్పుడు ఏది వాడాలో చాలా మంది బోధకుల కంటే బాగా ఎరుగును.

బాపట్ల_బాప్టిస్టు
నా మాట పూర్తిగా చెప్పలేదు. నమ్మకంగా లేని విశ్వాసికి నష్టమే లేదని నేను అనడం లేదు. 1 కొరింథీ 3:12-15 చూడండి. బంగారం, వెండి, విలువైన రాళ్లతో కట్టినవాడి పని నిలుస్తుంది. కర్ర, గడ్డి, కొయ్యకాలుతో కట్టినవాడి పని కాలిపోతుంది. "అతడు తనమట్టుకు రక్షింపబడును గాని అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు రక్షింపబడును." 2 కొరింథీ 5:10లో క్రీస్తు న్యాయపీఠం ముందు మనమందరం నిలబడాలి అని ఉంది. అక్కడ పోయేది బహుమానం, రక్షణ కాదు. 2 తిమోతి 2:13 కూడా చూడండి, మనం నమ్మదగనివారమైనా ఆయన నమ్మదగినవాడుగానే ఉంటాడు.

అగ్నిస్తంభం
దాని ముందు వచనం 12లో "మనం ఆయనను ఎరుగమంటే ఆయన మనలను ఎరుగననును" అని ఉంది కదా.

పైగా 1 కొరింథీ 3 సంఘాన్ని కట్టే బోధకుల గురించి. పౌలు పునాది వేశాడు, అపొల్లో నీళ్లు పోశాడు, ఆ వరుసలో వచ్చిన మాట అది. తాగుడులో పడినవాడి గురించి కాదు. అతని గురించి 1 కొరింథీ 6:10లో వేరుగా ఉంది.

పెనమలూరు_పద్మ
ఆ బోధకుల గురించే అయితే, ఆ పెట్టె దగ్గర మాట్లాడినాయన ఏమి కట్టారో కూడా ఆ రోజు అగ్నిలో తేలుతుంది.

గుంటూరు_మిషన్_కాంపౌండు
పద్మ గారు సూటిగా చెప్పారు.

వెయ్యేండ్ల_ఏలుబడి
మీరెవరూ ఎత్తని దారి ఇంకొకటి ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో రాబర్ట్ గోవెట్, ఆయన తరువాత బ్రదరన్ బోధకుడు జి.హెచ్. లాంగ్ దీన్ని వివరంగా చెప్పారు, చైనాలో వాచ్‌మన్ నీ కూడా బోధించాడు. సారాంశం ఇది: నిత్యజీవం వేరు, క్రీస్తుతో పాటు వెయ్యేండ్లు ఏలడం వేరు. మొదటిది కృపవల్ల ఉచితం, రెండవది జయించినవారికే. నమ్మకంగా లేని విశ్వాసి నిత్య నరకానికి పోడు. కానీ ఆ వెయ్యేండ్లు రాజ్యం బయట ఉంటాడు. తలాంతు పాతిపెట్టిన దాసుణ్ణి వెలుపటి చీకటిలోకి తోసివేయడం, బుద్ధిలేని కన్యకల ముందు తలుపు మూయడం ఇదే అని వారి వివరణ. వెయ్యేండ్లు ముగిశాక వారు కూడా కొత్త ఆకాశం, కొత్త భూమిలోకి వస్తారు.

దీనితో హెచ్చరిక వచనాల బరువు తగ్గదు, యోహాను 10 కూడా అలాగే నిలుస్తుంది. నాకు ఇదే సరిగా అతుకుతుంది.

సంస్కరణ_బాట
వెలుపటి చీకటి, ఏడ్పు, పండ్లు కొరుకుట... మత్తయి సువార్తలో ఈ మాటలు వచ్చే చోట్లన్నీ చూడండి. పెండ్లి వస్త్రం లేనివాడికీ, రాజ్య సంబంధులకూ, నమ్మకంగా లేని దాసుడికీ అదే తీర్పు. అది కొంతకాలమే అని మత్తయి ఎక్కడా గడువు పెట్టలేదు. గడువు ప్రకటన 20 నుంచి తెచ్చి ఇక్కడ అతికించారు.

వెయ్యేండ్ల_ఏలుబడి
లూకా 12:47, 48లో అనేకమైన దెబ్బలు, కొద్ది దెబ్బలు అన్న తేడా ఉంది. కొద్ది దెబ్బలకు ముగింపు ఉంటుంది.

అగ్నిస్తంభం
ఆ రెండు వచనాల ముందే 46లో అవిశ్వాసులతో పాలు ఇచ్చాడు. దాని మీద నుంచి దూకవద్దు.

నూజివీడు_మామిడి
ఈ చర్చ చదివి ముగించేసరికి వెయ్యేండ్లు పూర్తయ్యేలా ఉన్నాయి. కానీ ఆపకండి, మా ఇంట్లో ముగ్గురం కలిసి చదువుతున్నాం.

ఫిరంగిపురం
మేము క్యాతలిక్కులం. మా మాట కూడా వినండి. ఇది విని మీరు వాదనకు దిగుతారని తెలుసు, అయినా ఆ అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు మా దగ్గర చేయగలిగిన పని ఒకటి ఉంది కాబట్టి రాస్తున్నాను.

చావైన పాపంలో, అంటే తెలిసి ఇష్టపూర్వకంగా చేసిన ఘోర పాపంలో, పశ్చాత్తాపం లేకుండా చనిపోతే నరకమే అని తిరుసభ బోధ. దానిలో మొహమాటం లేదు. విశ్వాసం ఉన్నా చావైన పాపం వల్ల దైవకృప పోతుందని ట్రెంట్ మహాసభ 1547లోనే చెప్పింది. కానీ దైవకృపలోనే చనిపోయి ఇంకా పూర్తిగా శుద్ధి కానివారు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొంది మోక్షం చేరతారు. ల్యోన్ సభ 1274లో, ఫ్లోరెన్స్ సభ 1439లో, ట్రెంట్ సభ 1563లో దీన్ని స్థిరపరిచాయి. ఆ అగ్ని క్రీస్తు ప్రభువుతో ముఖాముఖి కలుసుకోవడమే అని కొందరు వేదాంతులు చెబుతారని 16వ బెనెడిక్ట్ పోపుగారు 2007లో రాసిన లేఖలో వివరించారు.

ఇంకొకటి. తిరుసభ ఎందరినో పునీతులుగా ప్రకటించింది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఒక్కరి పేరు కూడా ఇంతవరకు ప్రకటించలేదు. అందుకే మేము పూజ పెట్టిస్తాం, నవంబర్ 2న సమాధుల దగ్గరకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా బాబాయి కూడా మీ మామయ్యలాగే గుడికి దూరంగా ఉండి పోయాడు. మా పిన్ని ఏటా ఆ రోజు ముందుగా వెళ్లి సమాధికి సున్నం వేయించి, పూలు పెట్టి, సాయంత్రం ఫాదర్ గారు దీవెన నీళ్లు చల్లే వరకు అక్కడే ఉంటుంది. కొడుకు కోసం చేయడానికి తల్లికి ఒక పని ఉండాలి కదా.

అగ్నిస్తంభం
చనిపోయాక మారుమనస్సు లేదు సిస్టర్. హెబ్రీ 9:27. ధనవంతుడికీ లాజరుకూ మధ్య ఉన్న అగాధం ఎవరి ప్రార్థనతోనూ పూడదు.

ఫిరంగిపురం
చనిపోయాక మారుమనస్సు ఉందని మేమూ అనడం లేదు. ఉత్తరించు స్థలం రెండవ అవకాశం కాదు. అక్కడికి వెళ్లేది దేవుడి స్నేహంలో పోయినవారే. ప్రశ్న ఎప్పటికీ ఆ ఆఖరి ఘడియ గురించే. ఆ ఘడియలో ఏమి జరిగిందో మీకూ నాకూ కనబడదు.

గుంటూరు_మిషన్_కాంపౌండు
ఉత్తరించు స్థలాన్ని మేము ఒప్పుకోం. కానీ ఆమె చివరి రెండు వాక్యాలకు నేను ఆమేన్ అంటాను.

మస్కట్_నర్సు
ఆఖరి ఘడియ అన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను ఇంటెన్సివ్ కేర్‌లో పని చేస్తాను. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక మేస్త్రీ మా వార్డులో ఉన్నారు. తాను బాప్తిస్మం తీసుకున్నానని, గల్ఫుకు వచ్చాక అన్నీ వదిలేశానని, ఇప్పుడు తనకు దేవుడితో ఏమీ లేదని ఆయనే చెప్పారు. ప్రార్థన చేయమంటారా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. నేను బలవంతం చేయలేదు.

పరిస్థితి విషమించిన రాత్రి ఆక్సిజన్ మాస్కు కింద పెదవులు కదులుతున్నాయి. నీళ్లు అడుగుతున్నారేమో అని వంగి విన్నాను. చిన్నప్పుడు మందిరంలో పాడే కీర్తన. మాటలు సగం పడిపోయాయి, రాగం మాత్రం ఉంది. కుడి చేతి వేలితో మంచం ఇనుప కడ్డీ మీద తాళం వేస్తున్నారు. తెల్లవారేలోపు పోయారు. ఊరిలో ఆయన కుటుంబానికి ఈ సంగతి నేను ఫోను చేసి చెప్పకపోతే, వారి లెక్కలో ఆయన తిరిగి రాకుండానే పోయినవాడు.

నిద్రలో పోయారు అన్నారు కదా. ఆ నిద్రకు ముందు ఆయన ఏమి ఆలోచించారో ఎవరు చూశారు?

పెనమలూరు_పద్మ
అక్కా, కళ్లు చెమర్చాయి.

అగ్నిస్తంభం
సిస్టర్, సిలువ మీద దొంగ కూడా చివరి గంటలో రక్షణ పొందాడు, నేను కాదనను. కానీ ఆ ఒక్కడిని చూసి పక్కనున్న రెండవ దొంగను మరిచిపోవద్దు అనే నా భయం. నా సంఘంలో యువకులు ఉన్నారు. చివరి గంట చూసుకుందాంలే అంటున్నారు. వాళ్లకు నేను ఏమి చెప్పాలి?

చరిత్రపుటలు
ఇదే ప్రశ్నతో సంఘం ఒకసారి నిలువునా చీలిపోయింది. అది తెలిస్తే మనం ఎక్కడ నిలబడ్డామో బాగా అర్థమవుతుంది.

క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి దేకియస్ తన రాజ్యంలో అందరూ దేవతలకు బలి అర్పించి, అధికారుల ముందు ఆ మాంసం రుచి చూసి, చీటీ తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ చీటీలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. ఎప్పుడూ దేవతలకు బలి అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట అర్పించాను, దయచేసి సంతకం చేయండి అని వాటిలో ఉంటుంది. విశ్వాసులు గుంపులుగా వెళ్లి బలి అర్పించారు. కొందరు బలి ఇవ్వకుండా డబ్బిచ్చి చీటీ మాత్రం కొనుక్కున్నారు. హింస తగ్గగానే వీళ్లంతా మళ్లీ సంఘం తలుపు తట్టారు.

రోములో నొవేషియన్ అనే సంఘ పెద్ద తలుపు తీయకూడదన్నాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో బిషప్పు సిప్రియన్ మధ్యదారి పట్టాడు. 251లో జరిగిన సభలో, చీటీ మాత్రం కొన్నవారిని ఒక్కొక్కరిగా విచారించి చేర్చుకోవచ్చు, బలి అర్పించినవారు దీర్ఘకాలం పశ్చాత్తాపంలో ఉండాలి, మరణశయ్య మీద మాత్రం వారికి సహవాసం ఇవ్వాలి అని తీర్మానించారు. మళ్లీ హింస ముంచుకొస్తోందని తెలియగానే, పశ్చాత్తాపపడుతున్న అందరికీ తలుపు తెరిచారు.

325లో నైసియా సభ 11వ నియమంలో, ఏ బలవంతమూ లేకుండా విశ్వాసం విడిచినవారికి కూడా, వారు అర్హులు కాకపోయినా దయ చూపాలి అని రాసింది. మూడేళ్లు వినేవారిగా, ఏడేళ్లు సాగిలపడేవారిగా, రెండేళ్లు బల్లలో పాలు లేకుండా ప్రార్థనలో ఉండాలి. చిన్న శిక్ష కాదు అది. అయినా 13వ నియమం, చనిపోతున్నవాడికి మాత్రం చివరి ప్రభు భోజనాన్ని నిరాకరించకూడదు అంటుంది.

అగ్నిస్తంభం గారూ, మీ ప్రశ్నకు వాళ్లు చేసింది చూడండి. బ్రతికినవాడికి పన్నెండేళ్లు, చనిపోయేవాడికి ఒక్క రొట్టెముక్క. రెండూ ఒకే సభ, ఒకే కాగితం.

సంస్కరణ_బాట
నొవేషియన్ గురించి ఒక మాట కలపాలి. ఆ వర్గంవారు కూడా దేవుడు క్షమించలేడు అనలేదు. క్షమించే అధికారం సంఘానికి లేదు, దేవుడికే ఉంది అన్నారు.

చరిత్రపుటలు
అవును. ఆ వర్గానికి చెందిన అకేసియస్ అనే బిషప్పు నైసియా సభకు వచ్చి ఇదే చెప్పాడట. అప్పుడు కాన్‌స్టంటైన్ చక్రవర్తి, "అయితే ఒక నిచ్చెన వేసుకుని నువ్వొక్కడివే పరలోకం ఎక్కు, అకేసియస్" అన్నాడని సోక్రటీస్ అనే చరిత్రకారుడు రాశాడు.

నూజివీడు_మామిడి
నిచ్చెన మాట మా సంఘ కమిటీ గోడ మీద రాయించాలి!

డాలస్_నుంచి
మీరందరూ మాట్లాడుకుంటున్న ఆ "తప్పిపోయినవాణ్ణి" నేను. బాప్తిస్మం ఉంది, వరుసగా చర్చికి వెళ్లిన బాల్యం ఉంది, ఇప్పుడు వెళ్లడం లేదు. ఎవరి మీదా కోపం లేదు. నమ్మడం నాలో ఎక్కడో ఆగిపోయింది.

అగ్నిస్తంభం గారు నా లాంటివారికి ఏమి చెప్పాలి అని అడిగారు. నిజం చెప్పమంటే, హెబ్రీ 6 నాకు కొట్టిన పిండి. చిన్నప్పటి నుంచి విన్నాను. మళ్లీ విన్నంత మాత్రాన తిరిగి రాను. కానీ నా చిన్నప్పటి సండే స్కూలు టీచరు ఇప్పటికీ ఏటా క్రిస్మస్‌కు ఫోను చేస్తారు. చర్చికి వెళుతున్నావా అని ఒక్కసారి కూడా అడగలేదు. తిన్నావా, అమ్మకు ఎలా ఉంది, నీ కోసం ప్రార్థన చేస్తున్నాను అంటారు, పెట్టేస్తారు. ఆ ఫోను కోసం నేను ఎదురుచూస్తాను.

అగ్నిస్తంభం
తమ్ముడూ, నువ్వు ఇది రాసినందుకు దేవునికి స్తోత్రం. నీ పేరు అక్కరలేదు, నీ కోసం ఈ రాత్రి ప్రార్థిస్తాను. హెబ్రీ 6 నేను బోధించడం మానను, అది దేవుని మాట. కానీ ఆ టీచరమ్మ చేస్తున్నది నా సంఘంలో ఎవరు చేస్తున్నారో ఆదివారం అడుగుతాను.

కాపరి_దోర్నకల్
నేను సీఎస్ఐ సంఘంలో పనిచేస్తున్నాను. చాలా మంది భూస్థాపనలు చేశాను, కాబట్టి ఆ పెట్టె దగ్గర జరిగిన దాని గురించి చెప్పాలి.

మాకు ఆంగ్లికన్ల నుంచి వచ్చిన ఆరాధన క్రమంలో మట్టి వేసేటప్పుడు నిశ్చయమైన నిరీక్షణతో అప్పగిస్తున్నాం అనే మాట ఉంటుంది. అది నమ్మకంగా జీవించినవాడికీ, జీవించనివాడికీ ఒకటే. 1661లో లండన్‌లో జరిగిన సవాయ్ సమావేశంలో ప్యూరిటన్లు అనే సంస్కరణవాదులు దీన్ని గట్టిగా తప్పు పట్టారు. బహిరంగ పాపంలో బ్రతికి పోయినవాడి మీద ఈ మాటలు ఎలా చదువుతారని అడిగారు. బిషప్పులు మార్చలేదు. మనిషి గురించి మంచినే ఆశించడం మేలు అన్నారు. 1662 ప్రార్థన పుస్తకంలో ఆ నిరీక్షణ అలాగే నిలిచింది.

ప్యూరిటన్లది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ నిరీక్షణ చనిపోయినవాడి నమ్మకత్వం మీద కట్టినది కాదు, క్రీస్తు పునరుత్థానం మీద కట్టినది. నేను పెట్టె ముందు నిలబడినప్పుడు నా పని ఆయన మాట చదవడం, తీర్పు చదవడం కాదు. హెచ్చరించాలంటే నాకు ఏడాదికి 52 ఆదివారాలు ఉన్నాయి, ఇళ్లకు వెళ్లే రోజులు ఉన్నాయి. మనిషి పొలం వైపు లేచి వెళ్లిపోతున్నప్పుడు ఆ పొలానికి వెళ్లి ఆయన పక్కన కూర్చుని మాట్లాడి ఉండాల్సింది. అప్పుడు వెళ్లని కాపరికి పెట్టె దగ్గర గొంతు లేపే హక్కు లేదు. యెహెజ్కేలు 34లో మొదటి తీర్పు కాపరుల మీదే, గొర్రెల మీద కాదు.

అగ్నిస్తంభం
అయ్యగారూ, యెహెజ్కేలు 18 నేను మొదట రాశాను, మీరు 34 చూపించారు. ఒకే ప్రవక్త. ఒప్పుకుంటున్నాను, రెండూ చదవాలి.

బాపట్ల_బాప్టిస్టు
రిజిస్టరు మాట మొదటి నుంచీ నన్ను గుచ్చుతోంది. మా వాళ్లలో ఒంగోలు మిషన్ చరిత్ర అందరికీ తెలుసు. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు, జనం తిండి కోసం వస్తున్నారేమో అన్న సందేహంతో. కరువు పని ముగిశాక కూడా జనం వస్తూనే ఉంటే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంత జాగ్రత్తపడిన మనిషి కూడా అంతకు మించి ఎవరి హృదయమూ తెరిచి చూడలేదు. అడిగారు, విన్నారు, నీళ్లలోకి దించారు. వారి పేర్లు రిజిస్టరులో రాశారు. మిగతాది దేవుడికి వదిలారు. మన పని అక్కడి వరకే.

వెయ్యేండ్ల_ఏలుబడి
మా దగ్గర రొట్టె విరిచే ముందు తప్పిపోయినవారి పేర్లు చెప్పి ప్రార్థన చేసే అలవాటు ఉంది. బ్రతికి ఉన్నవారివి మాత్రమే. ఇప్పుడు ఈ చర్చ చదువుతుంటే, ఆ పేర్లలో ఎవరి ఇంటికి ఎవరు వెళ్లారో కూడా అడగాలనిపిస్తోంది.

కృష్ణాతీరం
అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. అమ్మమ్మకు మస్కట్ నర్సు గారు రాసింది చదివి వినిపించాను. మేస్త్రీ ఏ కీర్తన పాడారు అని అడిగింది. నాకు తెలియదన్నాను.

మీలో ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకోరని అర్థమైంది. అయినా "మీ మామయ్య నరకంలో ఉన్నాడు" అని ఇక్కడ ఒక్కరూ రాయలేదు, అగ్నిస్తంభం గారు కూడా. ఆ పెట్టె దగ్గర మాత్రం ఆ మాట అన్నంత పని చేశారు. అది నేను వెళ్లి ఆయనతోనే మాట్లాడతాను, కోపంతో కాదు.

ఆదరణ కూడిక వచ్చే శనివారం. వాక్యం ఎవరు చెప్పాలో అమ్మమ్మే తేల్చింది: మామయ్య దగ్గర సండే స్కూలు చదువుకుని ఇప్పుడు వేరే ఊళ్లో కాపరిగా ఉన్న ఆయన. ఏ భాగం చదవాలో చెప్పగలరా?

కాపరి_దోర్నకల్
130వ కీర్తన. "యెహోవా, నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?" తరువాత రోమా 8, 31 నుంచి చివరి వరకు.

గుంటూరు_మిషన్_కాంపౌండు
రోమా 14:4 కూడా. పరుని సేవకునికి తీర్పు తీర్చే నువ్వు ఎవరివి అన్న వచనం.

అగ్నిస్తంభం
నేనైతే 23వ కీర్తన పిల్లలతో చెప్పిస్తాను. ఆయన నేర్పించినదే కదా. పెద్దవాళ్లు కూడా కంఠతా చెప్పగలరు, మీ ఊళ్లో సగం మంది ఆయన సండే స్కూలు పిల్లలే.

మస్కట్_నర్సు
అమ్మమ్మగారికి చెప్పండి, ఆ కీర్తన మొదటి చరణం నాకు ఇంకా గుర్తుంది. మీ నంబరు ఇక్కడ పెట్టవద్దు, నాకు వేరుగా సందేశం పంపండి. ఆదివారం డ్యూటీ లేదు, ఫోనులో పాడి వినిపిస్తాను.